గీతలు తీసేసిన భాష

రికార్డింగు గదిలో మైకుకు తొడిగిన నల్ల స్పాంజిని ఆఫీసు తెరిచిన నాటి నుంచి ఎవరూ ఉతికిన పాపాన పోలేదు. ఎన్ని నోళ్ళ తుంపరలు దాని మీద పడ్డాయో, ఎన్ని మధ్యాహ్నాల ఉల్లిపాయ ఊపిరి అందులో ఇంకిందో ఆ దేవుడికే తెలియాలి. తలుపు తీయగానే ఏసీ చలితో పాటు పులిసిన వాసన ఒకటి వచ్చి మొహాన కొట్టేది. బాలత్రిపురసుందరి రోజూ చున్నీ అంచుకు కర్పూరం బిళ్ళ నలిపి రాసుకొని, అది ముక్కుకు అడ్డం పెట్టుకొని గాని ఆ గదిలో కూర్చునేది కాదు. వాసనైతే కర్పూరానికి లొంగేది. ఆ ఆఫీసులో మిగతా రోతకు విరుగుడు ఆమెకు చాలా కాలం దొరకలేదు.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఒక టైల్స్ గోదాము మీద అద్దెకు తీసుకున్న అంతస్తు అది. ఆ కంపెనీ వ్యాపారం గొంతులు అమ్మడం. మాట్లాడే యంత్రాలు తయారుచేసేవాళ్ళకు ఇంగ్లీషు గొంతులూ అరబ్బీ గొంతులూ ఎక్కడైనా దొరుకుతాయి. ఎవరూ పట్టించుకోని చిన్న భాషల గొంతులే దొరకవు. దుబాయ్‌లో కూలీలుండే ఏ కాంపు తలుపు తట్టినా ఏదో ఒక కొత్త భాష బయటికొస్తుంది కనుక, వాళ్ళను పట్టుకొచ్చి, మైకు ముందు కూర్చోబెట్టి, చదివించి, ఆ రికార్డులు అమ్ముతారు. మేనేజరు కృష్ణచైతన్య విజయవాడ కుర్రాడు. తెల్లగా, నున్నగా, ఎప్పుడూ సోపు గింజలు నములుతూ ఉంటాడు. భాషల్ని అతను ‘ఐటమ్స్’ అంటాడు. “మేడమ్, ఈసారి ఐటమ్ ఏంటంటే…” అని అతను మొదలుపెడితే సుందరికి చేపల మార్కెట్లో నిలబడినట్లుండేది.

సుందరి రాజమండ్రిలో తెలుగు లెక్చరరుగా పనిచేసింది. ధ్వనిశాస్త్రంలో పరిశోధన చేసి డాక్టరేటు పుచ్చుకుంది. భర్త దక్షిణామూర్తి ఉద్యోగం వెంట దుబాయ్ వచ్చింది. కరోనా ఏడు ఆయన ఉద్యోగం ఊడింది, మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు ఆయన వీసా, కూతురు నిఖిత వీసా రెండూ సుందరి ఉద్యోగాన్ని పట్టుకొని వేలాడుతున్నాయి. ఆఫీసులో ఆమె చేసే పనుల్లో పెద్దది, ప్రతి భాషకూ చివర ఒక సంతకం పెట్టడం. ఈ రికార్డుల్లోని ధ్వనులు ఆ భాష మాట్లాడేవాళ్ళు పలికినట్లే ఉన్నాయని ఆ సంతకానికి అర్థం. అది లేనిదే ఎవరూ కొనరు.

అలాంటి రోజుల్లో బముమ్ వచ్చింది. కామెరూన్ దేశంలో పడమటి వైపు, ఫుంబాన్ ఊరి చుట్టుపక్కల మాట్లాడే భాష. వాళ్ళు తమ భాషను షుపామొమ్ అంటారు. అక్కడి తల్లుల కోసం ఒక ధర్మసంస్థ ఫోను లైను పెడుతోంది. పసిబిడ్డకు జ్వరమొచ్చినా, విరేచనాలు పట్టుకున్నా, తల్లి ఆ నంబరుకు ఫోను చేస్తే యంత్రం ఆమె భాషలోనే అడిగి, ఆమె భాషలోనే ఏం చేయాలో చెబుతుంది. చదువు రాకపోయినా ఫర్వాలేదు, చెవి ఉంటే చాలు. దానికి ఆడ గొంతులు కావాలి. కృష్ణచైతన్య తీసుకొచ్చిన ఐటమ్‌లన్నింటిలోకీ సుందరికి మనసుకు నచ్చిన పని అదొక్కటే.

గొంతు వెతకడానికి ఎక్కువ తిరగనక్కర్లేకపోయింది. షార్జాలో జడలు అల్లే దుకాణం నడుపుతున్న అజారా ఫుంబాన్ మనిషి. నిండైన విగ్రహం, అంతకంటే నిండైన గొంతు. తన దుకాణంలో తాను మహారాణి, బయట కూడా అదే దర్జా. మొదటి రోజు రికార్డింగు గదిలో అడుగు పెట్టి, ఒక్కసారి గాలి పీల్చి, మైకు స్పాంజిని రెండు వేళ్ళతో ఊడబెరికి చెత్తబుట్టలో పడేసింది.

“మేక కూడా ఇక్కడ మూతి పెట్టదు,” అంది. ఆమెది ఫ్రెంచి యాస ఇంగ్లీషు, మధ్యమధ్య షార్జా నేర్పిన హిందీ.

సుందరికి ఆ క్షణమే ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ సాయంత్రం అజారా వెళ్ళిపోయాక కృష్ణచైతన్య ఆ స్పాంజిని చెత్తబుట్టలోంచి తీసి, టిష్యూతో నాలుగుసార్లు తట్టి, మళ్ళీ మైకుకు తొడగడం ఆమె కళ్ళారా చూసింది. దాని మీద టీ పొడి కూడా అంటుకొని ఉంది. ఛీ, ఏం మనిషి! కానీ పైకి ఏమీ అనలేదు. అనకపోవడం ఆమెకు ఆ ఆఫీసులో బాగా అలవాటైన పని.

ఆ కొన్ని వారాలు మాత్రం సుందరికి రాజమండ్రి రోజులు తిరిగొచ్చినట్లున్నాయి. అజారా పలికేది, సుందరి రాసుకునేది. ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే ఆమెకు తృప్తిగా లేదు. తెలుగులో రాయడం మొదలుపెట్టింది. తెలుగులో కుదిరినంత బాగా ఆ భాష ఇంగ్లీషులో ఎక్కడ కుదురుతుంది? అచ్చు పొట్టిదైతే ఒక మాట, దీర్ఘమైతే ఇంకో మాట. మనకూ అంతే కదా. వాళ్ళకు మాట మొదట్లోనే ముక్కుతో పట్టి వదిలే బకారం, డకారం, గకారం ఉన్నాయి. దానికి సుందరి మాట మొదట్లోనే సున్న పెట్టింది. పెదవులు గుండ్రంగా చుట్టకుండా పలికే ఒక ఉకారం ఉంది. దాని కింద చుక్క పెట్టింది. మాట చివర గొంతు టక్కున మూసుకుపోయే చోట ఒక కొక్కెం తగిలించింది.

అసలు సంగతి ఇవేవీ కావు. ఆ భాషలో ప్రాణమంతా స్వరంలో ఉంది. ఒకే అక్షరాన్ని గొంతెత్తి పలికితే ఒక అర్థం, దించి పలికితే మరొకటి. కింది నుంచి పైకి ఎక్కిస్తే ఇంకొకటి, పై నుంచి కిందికి జారిస్తే వేరొకటి. అది మనం కోపంలోనో ముద్దులోనో గొంతు మార్చడం లాంటిది కాదు. స్వరం మారితే మాటే మారిపోతుంది. అజారా వేలు గాల్లో ఎత్తి, దించి, ఒక్కొక్క అక్షరం పాడినట్లు పలుకుతుంటే సుందరికి చిన్నప్పుడు తమ ఇంటి వసారాలో తాతగారు అన్నయ్యకు వేదం చెప్పడం గుర్తొచ్చింది. వేదం పుస్తకాల్లో అక్షరం కింద అడ్డగీత ఉంటే స్వరం దించాలి, పైన నిలువు గీత ఉంటే ఎత్తాలి. స్వరం తప్పితే తాతగారు అన్నయ్య తొడ మీద మెలిపెట్టేవారు. వంటింట్లో కూర్చుని విన్న సుందరికి మెలికలు లేకుండానే గీతలన్నీ వచ్చేశాయి. ఆ గీతలే ఇప్పుడు బముముకు పెట్టింది. కింద అడ్డగీత, పైన నిలువు గీత, ఎక్కేదానికీ జారేదానికీ వాలు గీతలు.

అలా రాసిన వాక్యం ఒకటి సుందరి చదివి వినిపిస్తే అజారా కళ్ళు మూసుకొని విని, తొడ చరిచి నవ్వింది.

“ఫుంబాన్ బజారులో నువ్విలా బేరమాడితే నిన్ను పరాయిదానివని ఎవరూ అనరు, మాదామ్!”

సుందరి ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా బస్సులో తనలో తాను ఆ వాక్యాన్నే గొణుక్కుంటూ కూర్చుంది.

తర్వాత రంజాన్ నెల వచ్చింది. అజారా ఉపవాసాలు పట్టింది. దుకాణంలో పండక్కి జడలు అల్లించుకునే ఆడవాళ్ళ తాకిడి. ఆమె ఫోను చేసి తన అభిప్రాయం చెప్పేసింది. “నీళ్ళు తాగని గొంతులో స్వరం నిలవదు. గరగరలాడే గొంతుతో మా తల్లులకు చెప్పను. ఈద్ అయ్యాక వస్తాను, మీ ముదీర్‌కు చెప్పు.”

ఆమె ముదీర్ అనే మేనేజరు ఆగే రకం కాదు. గడువు దగ్గరపడింది. గొంతులు ఇంకా బోలెడు కావాలి. కృష్ణచైతన్య సోపు నములుతూ సుందరి బల్ల దగ్గరికొచ్చి, ఆమె రాసుకున్న కాగితం ఒకటి పైకి తీశాడు. కాసేపు చూశాడు. పెదవులు కదిపాడు. అతని మొహం మెల్లగా వెలిగింది.

“మేడమ్, ఇది తెలుగే కదా!”

“లిపి తెలుగు. భాష బముమ్.”

“అదే నేననేది. చదవడం వస్తే చాలు కదా. మనవాళ్ళు చదివేస్తారు.”

సుందరికి మొదట కలిగింది కోపం కాదు. గర్వం. తను కట్టిన లిపిని ఆ భాష ఒక్క ముక్క రానివాడు తడుముకోకుండా చదివేశాడే అని ఒక్క క్షణం మురిసిపోయింది. ఆ క్షణాన్ని తలుచుకొని తర్వాత ఎన్నోసార్లు తనను తాను తిట్టుకుంది.

ఆ ఆదివారమే వ్యాను నిండా ఆడవాళ్ళు దిగారు. విల్లాల్లో వంటా, అంట్లూ, పిల్లల పనీ చేసుకునే గోదావరి జిల్లాల మనుషులు. వారానికో సెలవు, ఆ సెలవులో వచ్చారు. వాళ్ళకు చెప్పింది ఏదో చదివే పని ఉంది, బిరియానీ పెడతారు, ఫోను రీచార్జి చేయిస్తారు అని. అందరిలోకీ పెద్దది పాపాయమ్మ. అమలాపురం దగ్గర మనిషి. ప్రతి ఆదివారం చర్చిలో బైబిలు వాక్యం చదివే అలవాటుంది కనుక అదరలేదు, బెదరలేదు. మైకు ముందు కూర్చొని, కళ్ళజోడు సర్దుకొని, కాగితం చేతిలోకి తీసుకుంది.

“ఇయ్యేం గీతలండీ అమ్మగోరూ? మాస్టారు తప్పులు కొట్టేసినట్టున్నాయి.”

సుందరి ఓపిగ్గా చెప్పింది. ఇక్కడ ఎత్తాలి, ఇక్కడ దించాలి, ఇదిగో ఇలా. పాపాయమ్మ బుద్ధిగా ప్రయత్నించింది. ఎత్తమన్న చోట అరిచింది, దించమన్న చోట గుసగుసలాడింది. మాట మొదటి సున్నకు నోరు తిరగక ముందొక అకారం పెట్టుకొని ‘అంబ’ అంటూ మొదలుపెట్టింది. ఆమె తప్పేముంది? సుందరికి స్వరం చెవికెక్కడానికే వారాలు పట్టింది. అద్దం అవతల కృష్ణచైతన్య వాచీ చూసుకుంటూ తిరుగుతున్నాడు.

“యల్లా యల్లా! మేడమ్, ఆ గీతలు లేపేయండి. కన్‌ఫ్యూజ్ అవుతున్నారు.”

“గీత తీస్తే మాటే మారిపోతుందండీ చైతన్యగారూ. ఒక్కోచోట మాటే ఉండదు.”

“మెషీన్‌కు రాగాలేం తెలుస్తాయి? క్లయింట్ వినేది మొదట్లో శాంపిల్సే. అక్కడ అజారావి పెడదాం. ఖలాస్.” అంటూనే అతను పెదవులు ముందుకు సాచి, చంకలు గీరుకుంటూ, ఊ ఊ అని కోతిలా అరిచి చూపించాడు. “ఎలాగూ ఇదే కదా వాళ్ళ భాష!”

సౌండు చూసే కుర్రాళ్ళు ఇద్దరూ పడీ పడీ నవ్వారు. వ్యానులో వచ్చిన ఆడవాళ్ళు అర్థం కాకపోయినా మర్యాదకు నవ్వారు. సుందరి కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమె పెదాల మీదికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చింది, అంతే. వెంటనే నోరు పాచిపోయినట్లనిపించింది. వెళ్ళి పుక్కిలించి ఉమ్మి వచ్చింది. వచ్చి కంప్యూటరు ముందు కూర్చొని, కాగితాల మీది గీతలన్నీ తన చేత్తోనే తీసేసింది. ఒక్కొక్కటే తీయనక్కర్లేదు, ఒకే నొక్కుడుకు అన్నీ పోతాయి. కింది గీతలూ, పై గీతలూ, వాలు గీతలూ కంటి ముందే మాయమయ్యాయి. మిగిలిన అక్షరాలు నూనె రాయని పిల్లల తలల్లా బోసిపోయి కనిపించాయి.

ఆ తర్వాత పని పరుగెత్తింది. పాపాయమ్మ గడగడా చదివేసింది. ప్రతి వాక్యం చివర గోదావరి సాగదీత, మధ్యలో బైబిలు చదివే భక్తి. వరసలో వచ్చినవాళ్ళందరూ అలాగే చదివారు. బయటికొచ్చాక పాపాయమ్మ బిరియానీ పొట్లం చంకన పెట్టుకొని సుందరి దగ్గర ఆగింది.

“ఎవరి బాసండీ ఇది అమ్మగోరూ?”

“ఆఫ్రికా వాళ్ళది, పాపాయమ్మా.”

“మేం సదివింది ఆళ్ళకి అర్దమవుద్దాండీ?”

“అవుద్దిలే, నువ్వు ఎల్లిరా,” అంది సుందరి ఆమె మాటతీరులోనే, తియ్యగా. అబద్ధానికి ఆ తీపి ఎక్కడి నుంచి వచ్చిందో అని తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వెళ్ళి భర్తతో చెప్పింది. దక్షిణామూర్తి మంచివాడు. ఉద్యోగం పోయినప్పటి నుంచి వంట తనే చేస్తున్నాడు. అప్పుడు వడియాలు వేయిస్తున్నాడు.

“గీతలే కదా సుందరీ,” అన్నాడు చిల్లుల గరిటె తిప్పుతూ. “నువ్వు కాకపోతే ఇంకొకరు తీసేవాళ్ళు. నిఖితకు పన్నెండో క్లాసు. ఈ ఒక్క ఏడు గడిచిపోనీ.”

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి సుందరికి ఏమీ దొరకలేదు. అదే ఆమెను ఇంకా బాధపెట్టింది. వడియాల గిన్నె ముందుకు జరిపితే ఒక్కటి కూడా ముట్టలేకపోయింది. నూనె వాసనలో కూడా ఆ స్పాంజి కంపే తగిలింది.

రికార్డులన్నీ పూర్తయ్యాయి. సరుకు పంపే ముందు రోజు కృష్ణచైతన్య ఆమెను గదిలోకి పిలిచాడు. పళ్ళ సందులో ఇరుక్కున్న సోపు గింజను చిటికెన వేలి గోటితో తీసి, చూసి, మళ్ళీ నోట్లో వేసుకున్నాడు. సుందరి గోడ వైపు చూపు తిప్పుకుంది.

“రేపు పొద్దున మీ సంతకం కావాలి మేడమ్. ఇంకో చిన్న పని. ఫోను లైను పెడుతున్న ఆ సంస్థావిడ కొత్త పేచీ పెట్టింది. ఆ భాష మనిషెవరైనా విని, బాగుందని ఒక్క ముక్క చెప్పిన వాయిస్ నోట్ కావాలట. అజారాకు మీరంటే అభిమానం కదా. ఈ కొత్తవి ఒకటి రెండు వినిపించి, బాగుందనిపించి, ఫోన్‌లో రికార్డు చేసుకొని రండి.”

“ఆమె వింటే ఊరుకుంటుందా?”

“దుకాణంలో రష్‌గా ఉంటుంది, సగం వింటుంది. మీరే మాటల్లో పెట్టండి.” గొంతు కాస్త తగ్గించి, ఎంతో ఆప్యాయంగా అన్నాడు. “సార్ వీసా, పాప వీసా మీ మీదే కదా మేడమ్. నేనేదో మీ మంచికే చెబుతున్నా.”

ఎంగిలి వేలితోనే ఆమె భుజం మీద తట్టాడు. లిఫ్టులోకి వచ్చాక సుందరి టిష్యూతో భుజం తుడుచుకుంది. తుడుచుకుంటూ, పోనీ, ఇంతే కదా, ఒక్క ముక్క చెప్పించి, ఒక్క సంతకం పెట్టి చేతులు దులిపేసుకుంటే నిఖిత చదువు అయిపోతుంది కదా అనుకుంది. అలా అనుకున్నందుకు తుడుచుకోవడానికి టిష్యూ లేదు.

అజారా దుకాణం కిటకిటలాడుతోంది. నేల మీద తెగిన వెంట్రుకల ఉండలు, గాల్లో నూనెలూ, క్రీములూ, హెయిర్ డ్రయ్యరు వేడి. అజారా ఒకావిడను ముందు కూర్చోబెట్టుకొని, పాయలు విడదీసి, వేళ్ళు కనబడనంత వేగంగా అల్లుతోంది. సుందరిని చూడగానే మొహం విప్పారింది.

“రా మాదామ్, కూర్చో. చేయి ఖాళీ లేదు, చెవి ఖాళీగానే ఉంది.”

సుందరి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. తన ఫోనులో రికార్డింగు నొక్కి ఒళ్ళో పెట్టుకుంది. ఆఫీసు ఫోనులో పాపాయమ్మ గొంతు పెట్టింది.

“ఒకటి వినిపిస్తాను. ఎలా ఉందో చెప్పు,” అంది. అది ఏ భాషో చెప్పలేదు.

పాపాయమ్మ గొంతు దుకాణమంతా వినిపించింది. నిదానంగా, భక్తిగా, చివర సాగదీస్తూ. అజారా తల ఒక పక్కకు వంచి, వేళ్ళు ఆపకుండా విన్నది. ఆమె మొహంలో చిరునవ్వు వచ్చింది.

“బాగుంది,” అంది. “చాలా బాగుంది. తల్లి గొంతు.”

కావలసిన ముక్క వచ్చేసింది. ఫోనులో పడిపోయింది. ఇక లేచి వెళ్ళిపోవచ్చు.

“ఇది మీ భాషా?” అని అడిగింది అజారా. “నువ్వెప్పుడూ నాకు వినిపించలేదే. నీళ్ళు పారుతున్నట్లుంది. ఏం చెబుతోంది ఈవిడ?”

దుకాణం అంతా ఒక్కసారి దూరంగా జరిగిపోయినట్లయింది సుందరికి. తను బముమ్ అని అమ్మబోతున్నదాన్ని ఫుంబాన్‌లో పుట్టి పెరిగిన మనిషి విన్నది. వినీ తన భాషని పోల్చుకోలేదు. కాస్త యాసగా ఉందని కూడా అనలేదు. పరాయి భాషనుకొని, పరాయివాళ్ళ మీద ఉండే మర్యాదతో మెచ్చుకుంది. దీనికంటే ఎవరైనా బూతులు తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

“బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్ళు కాలిపోతున్నా, తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెబుతోంది,” అంది సుందరి.

“మంచి మాట. మా దాంట్లో కూడా ఇది ఉండాలి మాదామ్. ఈద్ వెళ్ళగానే వచ్చి ఇదే ముందు చదువుతాను. మా అమ్మకు చెప్పాను, నంబరు రాగానే చెయ్యి, నా గొంతే నీకు సమాధానం చెబుతుందని. ఆవిడ ఊరంతా చాటింది.”

వేళ్ళు అల్లుతూనే ఉన్నాయి. సుందరికి కడుపులో నుంచి ఒక్క ఉదుటున ఏదో పైకి వచ్చింది. వాంతి అనుకొని చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. వచ్చింది మాట.

“అది మీ భాషే, అజారా.”

“ఏది?”

“ఇప్పుడు విన్నది. నేనే రాశాను. తెలుగువాళ్ళ చేత చదివించాం. స్వరాలు తీసేసి చదివించాం. మిగతావన్నీ ఇలాంటివే. రేపు పంపిస్తున్నారు. మీ అమ్మ ఫోను చేస్తే ఇదే మాట్లాడుతుంది.”

అజారా వేళ్ళు ఆగిపోయాయి. కుర్చీలో ఉన్నావిడ సగం అల్లిన తలతో వెనక్కి తిరిగి చూసింది. అజారా చేయి చాచి, సుందరి చేతిలోంచి ఫోను తీసుకొని, మళ్ళీ వినిపించుకుంది. చెవికి ఆనించుకొని ఇంకోసారి వింది. ఇంకోసారి. చీకట్లో తన ఇంటి తలుపు కోసం తడుముకునే మనిషిలా కనుబొమలు ముడేసి, పెదవులు కదుపుతూ వింది. మొదట నవ్వింది. తర్వాత ఆ నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

“ఎక్కడుంది?” అంది. “ఇందులో మా భాష ఎక్కడుంది, చూపించు. ఒక్క మాట చూపించు.”

అజారా ఫోనును టేబులు మీద పెట్టి, పెట్టిన చేతిని ఏప్రానుకు తుడుచుకుంది. ముట్టకూడనిదేదో ముట్టుకున్నట్లు, వేలు వేలూ విడివిడిగా తుడుచుకుంది. సుందరి అది చూసింది. ఇన్నాళ్ళూ ఆ ఆఫీసులో స్పాంజినీ, సోపు గింజలనూ, ఎంగిలి వేలినీ తను ఎలా చూసేదో, ఆ చూపే ఇప్పుడు తన మీద పడింది.

ఆమె ఇక ఆలోచించలేదు. అక్కడే, ఆ స్టూలు మీదే కూర్చొని ధర్మసంస్థావిడకు రాసింది. అజారా పలికిన వాక్యం ఒకటి, పాపాయమ్మ చదివిన వాక్యం ఒకటి పక్కపక్కన పెట్టింది. మొదటిది బముమ్, రెండోది కాదు, శాంపిళ్ళు తప్ప మిగిలినవన్నీ రెండో రకమే, స్వరాలు తీసేసింది నేనే, నేను సంతకం పెట్టడం లేదు అని రాసింది. పంపేసింది. ఆ వెంటనే కృష్ణచైతన్యకు ఫోను చేసింది.

“అయిపోయిందా మేడమ్? బాగుందందా?”

“అంది. మన తెలుగు బాగుందంది. ఆ సంస్థావిడకు అంతా రాసి పంపేశాను. సంతకం పెట్టను.”

అవతల సోపు నమిలే చప్పుడు ఆగింది. “మేడమ్, మీకు మతి పోయిందా? వీసా క్యాన్సిల్ అవుతుంది. తెలుసా మీకు?”

“తెలుసు. ఖలాస్,” అని పెట్టేసింది. ఇంట్లో వంట చేస్తూ ఉండే మనిషి, పన్నెండో క్లాసు పుస్తకాల ముందు కూర్చున్న పిల్ల కళ్ళ ముందు కదిలారు. కళ్ళు చెమర్చాయి. అయినా ఎన్నో వారాల తర్వాత నిండా ఊపిరి పీల్చుకోగలిగింది. రాసినదంతా అజారాకు ఇంగ్లీషులో చదివి వినిపించింది. వినిపించి ఆమె మొహంలోకి ఆశగా చూసింది. ఒక్క మెచ్చుకోలు, పోనీ ఒక్క తలూపు.

అజారా ఆమెనే చూస్తోంది.

“ఆ మాట నువ్వు చెప్పు,” అంది.

“ఏ మాట?”

“బిడ్డ పాలు తాగకపోతే. ఆ మాట. మా భాషలో. నువ్వు చెప్పు.”

సుందరి కళ్ళు మూసుకుంది. గీతలు కనిపించాయి. కింద అడ్డగీత దగ్గర గొంతు దించింది, నిలువు గీత దగ్గర ఎత్తింది, వాలు గీత మీద జారింది. ముక్కుతో పట్టవలసిన చోట పట్టింది, చివర టక్కున ఆపింది. వాక్యం పూర్తయింది. మూలన కూర్చున్న ఒక కామెరూన్ ఆవిడ తల తిప్పి, ఎవరు మాట్లాడారా అన్నట్లు చూసింది.

“తప్పు లేదు,” అంది అజారా. “ఒక్కటి కూడా లేదు.”

సుందరి కళ్ళు తెరిచింది. అజారా మొహంలో కోపం లేదు. ఉన్నది అసహ్యం. అది కూడా పెద్దగా లేదు, వాకిట్లో ఏదో తొక్కినప్పుడు ఉండేంత.

“అంటే వాళ్ళు చదువుతున్నంత సేపూ ఆ తప్పు నీకు వినపడుతూనే ఉంది,” అంది. కుర్చీలో ఉన్నావిడ తల ముందుకు తిప్పి, వదిలేసిన పాయ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.